నిండుకున్న బ్యాటరీ

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: "సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" నేర్చుకోండి, కాదనను. కానీ నేను ముప్ఫై ఎనిమిదేళ్లు బ్యాటరీల మధ్య బతికాను. అందులో చివరి ఏడేళ్లు కోల్‌కతా న్యూ టౌన్‌లో, ఎలక్ట్రిక్ బస్సులకు ఫాస్ట్ ఛార్జింగ్ ఇచ్చే డిపోలో, కరెంటు దాచిపెట్టి అవసరానికి అందించే పని చూశాను. ఇన్నేళ్లలో నేను చేసిన అతిపెద్ద తప్పు సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఒక తెలుగు మాటలో ఉంది. అది కూడా నేను పుట్టినప్పటి నుంచి వింటున్న మాట.

అక్కడికి వస్తాను. ముందు పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే బయట చాలామందికి తెలియదు.

ట్యాంకు కాపలా

బస్సు రూటు మధ్యలో డిపోకి వస్తుంది, పది పదిహేను నిమిషాలు ఆగుతుంది, మళ్లీ వెళ్లిపోతుంది. ఆ కాస్త సేపట్లో దానికి బోలెడంత కరెంటు ఎక్కించాలి. నాలుగు బస్సులు ఒకేసారి వచ్చి తగులుకున్నాయంటే బయటి లైను మోయలేదు. అందుకని డిపో వెనకాల ఒక పెద్ద కంటైనర్ నిండా బ్యాటరీలు పేర్చి ఉంచుతాం. లైను ఖాళీగా ఉన్నప్పుడు నెమ్మదిగా వాటిని నింపుకుంటాం, బస్సులు మీదపడ్డప్పుడు వాటిలోంచి గబగబా ఇస్తాం. మేడ మీద నీళ్ల ట్యాంకు లాంటిదే. చిన్న మోటారు గంటల తరబడి నింపితే, పొద్దున అందరూ ఒకేసారి స్నానాలకు దిగినా నీళ్లు వస్తాయి.

తేడా ఒకటుంది. ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో మూత తీసి చూడొచ్చు. బ్యాటరీకి మూత లేదు. తెర మీద "ఎనభై రెండు శాతం" అని కనిపించేది ఎవరూ కొలిచింది కాదు. వచ్చిందెంత, పోయిందెంత అని లెక్కగట్టి యంత్రం వేసిన అంచనా. మేం వాడే రకం బ్యాటరీలో ఇంకో చిక్కు ఉంది: సగం ఉన్నా, ముప్పావు ఉన్నా వోల్టేజీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. అడుగంటబోయే ముందు మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే అప్పుడప్పుడూ పైదాకా నింపి, యంత్రానికి "ఇదిగో, ఇది నూరు" అని గుర్తుచేయాలి. లేకపోతే అంచనా రోజురోజుకీ పక్కకు జరుగుతుంది.

నన్నడిగితే ఈ ఉద్యోగంలో సగం ఇంతే. ఉంది అని ఎవరైనా చెబితే, అది మనిషైనా తెరైనా, ఎలా తెలుసని అడగాలి.

మండల్‌బాబు

ఆ ప్రశ్న నాకు నేర్పినవాడు మండల్‌బాబు. మా నాన్న సోంపేట దగ్గర నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో బరువులు మోశాడు. నేను అదే డాక్‌లో ఫోర్క్‌లిఫ్టుల బ్యాటరీ గదిలో చేరాను. యాసిడ్ వాసనకి కళ్లు మండేవి, చొక్కాలకి చిల్లులు పడేవి. మండల్‌బాబు ఆ గదికి పెద్ద. చదువు పెద్దగా లేదు, నోరు మంచిది కాదు, పనిలో మాత్రం ఆయనని మించినవాడిని నేను ఈరోజుకీ చూడలేదు.

చేరిన కొత్తలో ఒక బండి మీటరు ముప్పావు చూపిస్తోందని నేను షెడ్డులోకి పంపేశాను. అది సరుకు పైకెత్తి, దించలేక, అలాగే గాల్లో ఆగిపోయింది. కింద నలుగురు మనుషులు. మండల్‌బాబు వచ్చి నన్ను బూతులు తిట్టి, బ్యాటరీ మూత తీయించి, గాజు గొట్టంతో లోపలి నీటిని పీల్చి చూపించాడు.

"మీటర్ కీ బోల్‌ఛే ఛాడో. జొల్ కీ బోల్‌ఛే?" అన్నాడు. మీటరు ఏమంటోందో వదిలెయ్, నీళ్లు ఏమంటున్నాయి అని.

ఆ నీళ్లు ఎప్పుడో చచ్చిపోయాయి, ఛార్జింగే లేదు. మీటరే చెడింది. అప్పటి నుంచి నేను మీటరును నమ్మలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్పలే తర్వాత నా కొంప ముంచాయి. యంత్రాన్ని అనుమానించడం నేర్చుకున్నాను గానీ నా చెవిని అనుమానించడం నేర్చుకోలేదు.

ఒంటిగంటన్నర అలారం

న్యూ టౌన్‌లో కంటైనర్ పెట్టిన మొదటి వర్షాకాలంలో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అలారం మోగేది. లోపల ఎక్కడో తడి చేరింది, కరెంటు లీకవుతోంది అని దాని అర్థం. రెండున్నరకి దానంతటదే ఆగేది. కంటైనర్ అమ్మినవాళ్లు ఎక్కడో దూరాన కూర్చుని, కంప్యూటర్లో రెండు వారాలు వెతికి, సెన్సరు మార్చమన్నారు. మార్చాం. మర్నాడు ఒంటిగంటన్నరకి మళ్లీ మోగింది.

నేను ఒకరోజు పన్నెండు గంటలకే వెళ్లి డిపోలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒంటిగంట ఇరవైకి మన టెక్నీషియన్లు ఇద్దరూ, వాచ్‌మన్ హరిపోదో టిఫిన్ డబ్బాలు పట్టుకుని కంటైనర్ తలుపు బార్లా తీసి గుమ్మంలో కూలబడ్డారు. లోపల ఏసీ కదా మరి! వానాకాలపు ఉక్కపోతలో డిపో మొత్తానికి చల్లటి చోటు అదొక్కటే. కాళ్లు బయట, వీపు లోపల, ఒళ్లో చేపల కూర. బయటి చెమ్మగాలి లోపలికి పోయి చల్లటి ఇనుము మీద నీరవుతోంది.

"ఏం హరిపోదో, భోజనాలయ్యాయా?" అన్నాను.

"అయ్యాయి దాదా. మీకూ కొంచెం పెట్టమంటారా, ఇవాళ పార్షే చేప," అన్నాడు పాపం, ఏమీ తెలియక.

నాకు నవ్వాగలేదు. మెమో ఇవ్వమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఇవ్వలేదు. చెట్టు కింద ఒక రేకుల పందిరి, బల్ల, పెద్ద ఫ్యాను పెట్టించాను. ఆ రోజు నుంచి అలారం లేదు. మెమో ఇచ్చి ఉంటే వాళ్లు తలుపు మూసుకుని లోపల తినేవాళ్లు, నేను ఇంకా సెన్సర్లు మారుస్తూ ఉండేవాణ్ణి. మనిషికి చల్లటి చోటు చూపించకుండా బ్యాటరీకి చల్లదనం ఇవ్వలేరని మీరు రాసి పెట్టుకోండి.

గాలివాన రోజు

ఇప్పుడు అసలు సంగతి.

కంటైనర్ దగ్గర పగటి డ్యూటీలో నూకరత్నం ఉండేది. వాళ్ల నాన్న, మా నాన్న డాక్‌లో ఒకే ముఠాలో పనిచేశారు. ఆమె ఐటీఐ చదివి, పదకొండేళ్లు అక్కడా ఇక్కడా కాంట్రాక్టు పనులు చేసి, మా దగ్గర ప్రొబేషన్ మీద చేరింది. ఇంకో నెల గడిస్తే పర్మినెంటు. పనిలో చురుకు, మాటలో పెళుసు. పదిమందిలో నన్ను సారూ అనేది, ఎవరూ లేకపోతే బాబాయ్ అనేది.

డిపోలన్నిటినీ దూరం నుంచి చూసే కంట్రోల్ రూమ్‌లో అఖిల్ ఉండేవాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఇంజనీరు, తెలివైనవాడు.

చైత్రం చివర్లో ఒక సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళకి, గాలివాన విరుచుకుపడింది. నేను భవానీపూర్‌లో ఆఫీసులో మీటింగులో ఉన్నాను. న్యూ టౌన్‌లో బయటి లైను పోయింది. దానితోపాటు నెట్‌వర్కూ పోయి, కంట్రోల్ రూమ్ తెర మీద కంటైనర్ అంకె మధ్యాహ్నపు ఎనభై రెండు దగ్గరే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే నాలుగు బస్సులు ఛార్జింగ్ అడుగంటుతూ దారిలో ఉన్నాయి. వాటిని న్యూ టౌన్‌కి రమ్మనాలా, లైను బాగున్న హౌరా డిపోకి తిప్పాలా? బ్యాటరీలో ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అఖిల్ నూకరత్నానికి ఫోన్ చేశాడు. ఒక్క మాట వినిపించి లైను తెగింది. వెంటనే తన సెల్ నుంచి నాకు చేశాడు.

"సార్, న్యూ టౌన్ల కరెంట్ పోయింది. అక్కకు ఫోన్ కొట్టిన, నిండుకుంది అన్నది. బస్సులను అటే రమ్మనాల్నా, హౌరాకు తిప్పాల్నా?"

"నిండితే ఇంకేం, పంపించెయ్," అని ఫోన్ పెట్టేసి మళ్లీ మీటింగులో కూర్చున్నాను.

మొదటి బస్సుకి నాలుగు నిమిషాలు కరెంటు అందింది. తర్వాత బ్యాటరీ తనను తాను కాపాడుకోవడానికి మూసుకుపోయింది. మూడు బస్సులు డిపోలో నిలబడిపోయాయి. కాస్త ఛార్జింగ్ పట్టిన మొదటి బస్సు డ్రైవరు, వానలో తడుస్తున్న జనాన్ని చూడలేక, వాళ్లని ఎక్కించుకుని బయల్దేరాడు. ఫ్లైఓవర్ మధ్యలో ఆగిపోయాడు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు ఆ గాలివానలో ఫ్లైఓవర్ దిగి నడిచారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం. కానీ ఎవరో వీడియో తీశారు, అది ఊరంతా తిరిగింది. పైవాళ్లకి ఒక పేరు కావలసి వచ్చింది.

కంట్రోల్ రూమ్ ఫోన్ రికార్డవుతుంది. అందులో నూకరత్నం గొంతు స్పష్టంగా ఉంది: "నిండుకుంది బాబూ." హెడ్డాఫీసులో పనిచేసే ఒక తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, దాన్ని అనువాదం చేసి ఇచ్చింది: బ్యాటరీ నిండింది. ఖాళీ బ్యాటరీని నిండిందని చెప్పిన ఆపరేటరు మీద విచారణ అన్నారు. ఆమెను తీసేయడం ఖాయమని అందరికీ తెలుసు.

మర్నాడు నేనే డిపోకి వెళ్లి ఆమె మీద ఎగిరాను.

"నిండుకుందని చెప్పావా లేదా?"

"సెప్పినాను."

"మరి?"

"మరేటి? నిండుకుందనే సెప్పినాను గదా! బేటరీలో అన్నింటికన్నా అడుగున ఉన్న సెల్లు సూసే సెప్పినాను."

"ఇంకా నిండుకుందనే అంటావేంటి, సిగ్గు లేకుండా!"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. నేను పొగరనుకున్నాను.

పంచదార

విచారణ మంగళవారం. ఆదివారం పొద్దున పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది: "ఏవండీ, పంచదార నిండుకుంది. కాస్త తెచ్చిపెట్టండి."

సంచీ తీసుకుని, చెప్పులేసుకుని, మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్లాను. అక్కడ ఆగిపోయాను.

మా ఇళ్లలో బియ్యం అయిపోయాయని అనరు. లేవు అని అసలే అనరు, ఆ మాట ఇంటికి మంచిది కాదని. నిండుకున్నాయి అంటారు. వినేవాళ్లకి తెలుసు, డబ్బా ఖాళీ అని. మా అమ్మ జీవితమంతా అన్న మాట. ఉప్పు, పప్పు, కిరసనాయిలు, మా ఇంట్లో అన్నీ నిండుకునేవి, తరచుగా నిండుకునేవి. నూకరత్నం వాళ్ల ఇంట్లోనూ అంతే అయి ఉంటుంది.

ఆమె నిజమే చెప్పింది. అఖిల్ ఒక్క అక్షరం మార్చకుండా నాకు అందించాడు. విన్నవాళ్లలో ఆ మాట అర్థమయ్యే మనిషి ఆ సాయంత్రం ఆ గొలుసులో నేనొక్కడినే. మీటింగు వదిలి రావడం ఇష్టం లేక, బ్యాటరీ నిండి ఉంటే బాగుండునని కోరుకుంటున్న నా చెవి, వినాలనుకున్నది విన్నది. నిండుకుంది అన్నదాన్ని నిండింది అని మార్చింది నేనే.

పంచదార తేకుండా నేరుగా ఖిదిర్‌పూర్ వెళ్లాను. నూకరత్నం వాళ్లింటి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. సంగతి చెప్పాను.

ఆమె చేతిలో చేపను పళ్లెంలో పడేసి చేతులు కడుక్కుంది.

"లేదు అన్న మాట మాయమ్మ నోటంట నానెప్పుడూ ఇన్లేదు బాబాయ్. నాకూ రాదు," అంది. "ఆ బాబుకి తెల్దు, ఆయన్ది మరో దేశం. నీకు తెల్సు గదా. మొన్న అన్ని తిట్లు తిడతా ఉంటే, ఈ ముసిలాయనకి ఏటయిందా అనుకున్నాను."

అంత సిగ్గు నేను డాక్‌లో తిట్లు తిన్నప్పుడు కూడా పడలేదు.

మంగళవారం

విచారణలో ముగ్గురున్నారు. మధ్యలో మా పెద్ద బాసు సన్యాల్‌దా. మనిషి సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటాడు. ఎవరేం చెప్పినా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "కీ కోరే జాన్‌లే?" నీకెలా తెలిసింది? చాలామందికి ఆయనంటే విసుగు. నాకు మండల్‌బాబు బూట్లు తొడుక్కుని వచ్చినట్టు ఉండేది.

నేను లేచి, ఆమె బ్యాటరీ ఖాళీ అనే చెప్పింది, అనువాదం తప్పు అన్నాను.

"కీ కోరే జాన్‌లే, రావ్‌దా?"

"ఆదివారం మా ఇంట్లో పంచదార నిండుకుంది కాబట్టి," అన్నాను. మొత్తం వివరించాను.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు, బెంగాలీ రానివాడు, ఇది కట్టుకథలా ఉందన్నాడు. అయిపోయిన వస్తువుని నిండిందని ఎవరైనా అంటారా అన్నాడు. సన్యాల్‌దా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు చూశాను.

"మా అమ్మ అనేది," అన్నాడు. "చాల్ బాడొంతో. బియ్యం పెరుగుతున్నాయి అని. అంటే అయిపోయాయి అని. ఈ ఊళ్లో ఏ పాత ఇంట్లోనైనా అడగండి."

ఆఫీసరు తగ్గలేదు. "సరే, అలాగైతే మాటని అర్థం చేసుకోని ఇంజనీరుది తప్పు," అని అఖిల్ వైపు చూశాడు. అఖిల్ నా వైపు వంగాడు. "మా దిక్కు ఒడిసింది అంటరు సార్. నిండుకుంది అంటే నేను ఫుల్ అనే అనుకున్న," అన్నాడు నాతో మెల్లగా, తెలుగులో.

నా సెల్‌కి వచ్చిన ఫోన్ రికార్డు కాలేదు. నేను కూర్చుండిపోతే అక్కడితో అయిపోయేది. కూర్చోలేకపోయాను. అఖిల్ నాకు అదే మాట అందించాడని, బస్సులు పంపించమన్నది నేనని చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. బస్సుల రద్దీ ఎక్కువగా ఉందని మూడు వారాలుగా బ్యాటరీని పైదాకా నింపడం వాయిదా వేస్తూ వచ్చాను. కాబట్టి తెర మీద ఆగిపోయిన ఆ ఎనభై రెండు కూడా అబద్ధమే. మీటరును నమ్మనని గొప్పలు చెప్పుకున్నవాడి నిర్వాకం అది.

నాకు ఒక మందలింపు ఉత్తరం వచ్చింది. రిటైరయ్యాక సలహాదారుగా ఉంచుతామన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నూకరత్నం నెల తిరక్కుండా పర్మినెంటు అయింది. ఈ రెండూ సరైనవే.

అంకె ముందు

ఆ తర్వాత హెడ్డాఫీసు ఒక ఆదేశం రాయబోయింది: ఫోన్లో ఇంగ్లీషు తప్ప మరో భాష వాడకూడదని. నేను గట్టిగా అడ్డుపడ్డాను. గాలివానలో, రేకులు ఎగిరిపోతుంటే, మనిషి నోట్లోంచి తల్లి నేర్పిన మాటే వస్తుంది. దాన్ని ఆపితే మాటే ఆగిపోతుంది. కాబట్టి మేం పెట్టుకున్న పద్ధతి వేరు. ముందు అంకె చెప్పాలి: అన్నిటికన్నా బలహీనంగా ఉన్న సెల్లు వోల్టేజీ. అది మూడుకి కిందికి దిగితే ఖాళీ అయినట్టే. విన్నవాడు ఆ అంకెను తిరిగి చెప్పాలి. ఆ తర్వాత ఎవరి భాషలో వాళ్లు ఏమైనా అనుకోవచ్చు.

ఈ పద్ధతి తయారుచేసింది నేనని అందరూ అంటారు. కాదు. నూకరత్నం ఆ రోజే అడుగు సెల్లు చూసి మాట్లాడింది. తెరని కాదు, నీళ్లని చూసింది. మండల్‌బాబు ఉంటే నన్ను వదిలేసి ఆమెకు పని నేర్పేవాడు.

నా చివరి రోజున కంట్రోల్ రూమ్‌లో స్వీట్ల డబ్బా తెరిచి కూర్చున్నాం. నాలుగు మంచి మాటలు చెప్పడానికి అఖిల్ లేచి నిలబడ్డాడు. అప్పుడే బయట చీకటి కమ్మి గాలి లేచింది. న్యూ టౌన్ లైను పోయింది, తెర ఆగిపోయింది. ఫోన్ మోగింది. అఖిల్ స్పీకరు నొక్కాడు.

"రెండు పాయింట్ తొమ్మిది," అంది నూకరత్నం, వాన హోరు మధ్య. "నిండుకుంది బాబూ."

"రెండు పాయింట్ తొమ్మిది. ఒడిసిందన్నట్టు. సరే అక్కా, బస్సులను హౌరాకు తిప్పుతున్న," అన్నాడు అఖిల్. అప్పటికే రెండో ఫోన్ అందుకుని డ్రైవర్లతో మాట్లాడుతున్నాడు.

బస్సులన్నీ హౌరా దారి పట్టాయి. ఆ పది నిమిషాల్లో నన్నెవరూ ఏమీ అడగలేదు.